ఏలీయా ఒంటరితనము
(1 రాజులు 19వ అధ్యాయము)



ప్రభువు తోడుండగా విశ్వాసికి ఒంటరితనమేమిటని కొందరడుగుదురు. ఆ మాట భక్తిగానే వినబడును. గాని భర్తను పోగొట్టుకొని, కొడుకు కువైటుకు పోగా, ఒక్కతే గంజి కాచుకొను తల్లికి అది పుండుమీద కారము. తన దుఃఖము అవిశ్వాసమేమోయని ఆమె దానిని దాచుకొనును.

ఏలీయాను చూడుడి. కర్మెలుమీద అగ్ని దిగివచ్చుట కన్నులార చూచిన ప్రవక్త యతడు. అయినను యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, బెయేర్షెబాలో తన దాసుని విడిచి, అరణ్యములోనికి ఒంటరిగా నడిచెను. ఈ చిన్న సంగతిని మనము గమనింపక దాటిపోవుదుము. తోడున్న యొక్కనిని తానే విడిచెను! పిమ్మట హోరేబులో, తానొక్కడే మిగిలితినని మొఱపెట్టెను. ఒంటరితనము చేయు పని యిదియే. నష్టమో భయమో మనుష్యుని లోపలికి త్రోయును. తరువాత అతడే తలుపు మూసికొని, ఎవరును రాలేదని కుములును. "ఆమె యెవరితోను కలియదు" అని మనము తప్పుపట్టునది ఆమె స్వభావము కాక, ఆ బాధకు గురుతే కావచ్చును.

ఈ బాధ దేహమును కూడ తాకును. లోకములో ఆరుగురిలో ఒకరు ఒంటరితనము ననుభవించుచున్నారనియు, గుండెజబ్బు, పక్షవాతము, అకాలమరణము దానివలన హెచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తెలిపెను. యౌవనస్థులలో ఇది మరి యెక్కువట.

దేవుడు ఏలీయాను గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత రెండుమారులు ఆహారము పెట్టించెను. అతని మొఱ రెండుమారులు వినెను. పని అప్పగించి, ఎలీషాను చూపెను. ఏడు వేలమంది యున్నారను మాట చివరకు వచ్చెను. మనమైతే ఆ చివరి మాటతోనే మొదలుపెట్టుదుము.

పౌలును అట్లే. అందరు విడిచినను ప్రభువు తన ప్రక్క నిలిచెనని వ్రాసిన అధ్యాయములోనే (2 తిమోతి 4), త్రోయలో ఉంచిన అంగీ తెమ్మనియు, చలికాలమునకు ముందే రమ్మనియు తిమోతిని వేడుకొనెను. ప్రభువు తోడు చాలదని కాదు, తిమోతియు కావలసియుండెను.

ఆరాధన కాగానే గుమ్మమువద్ద వందనము చెప్పి పోవుట చాలదు. ఆమె యింటికి పోయి, అరుగుమీద కూర్చుండి, ఆమె యిచ్చు మజ్జిగ కాదనక త్రాగుడి. ఏలీయాకు అన్నముతోపాటు పనియు దొరకెను గదా. సండేస్కూలు పిల్లలకు పాత కీర్తనలు నేర్పుమని ఆమెను అడుగుడి. తలుపు తీయనియెడల మరునాడు మరల పొండి. కొడుకుతో మాట్లాడుటకు ఫోను కలుపుట ఆమెకు తెలియనియెడల, మన పిల్లలలో నొకనిని వారమున కొకసారి పంపుడి.