చూసింది చూసినట్టు

(ధ్యానాంశం: మార్కు 4:26–29, 1 యోహాను 1:1–3)



రైతు పొలంలో విత్తనం చల్లుతాడు. రాత్రి నిద్రపోతాడు, పగలు లేస్తాడు. ఈలోగా విత్తనం మొలకెత్తి పెరుగుతుంది. ఎలా పెరిగిందో అతనికి తెలియదు. దైవరాజ్యాన్ని గురించి ప్రభువు చెప్పిన ఈ చిన్న ఉపమానం నాలుగు సువార్తలలో మార్కు సువార్తలో మాత్రమే కనిపిస్తుంది. పెద్దవాళ్ళం మనం దీన్ని విని, తల ఊపి, ఇంటికి వెళ్ళిపోతాం. నాలుగేళ్ళ పిల్లవాడు అలా వెళ్ళడు. "ఎలా పెరిగింది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబును బట్టి వాడి విశ్వాసం కొంత నిలబడుతుంది, కొంత పడిపోతుంది. ఈ వారం మనం ధ్యానించవలసింది అదే.

సిస్టర్లు నడిపే నర్సరీ బడులలో పసిపిల్లలచేత చిన్నచిన్న ప్రయోగాలు చేయించడం మీలో చాలామంది చూసే ఉంటారు. తడిపిన దూదిమీద పెసరగింజలు వేసి, ఒక గిన్నె కిటికీ దగ్గర, ఇంకొకటి బీరువాలో పెట్టిస్తారు. నీళ్ళ తొట్టిలో గోలీ, చింతపిక్క, కొబ్బరిచిప్ప, ఎండుటాకు వేసి, ఏది తేలిందో ఏది మునిగిందో చెప్పమంటారు. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎండలో నిలబెట్టి, నీడ ఎంత పొడుగుందో సుద్దముక్కతో గీయిస్తారు.

దీనిమీద మన విచారణల్లో రెండు రకాల మాటలు వినబడతాయి. మొదటిది, "ఫాదర్‌గారూ, ఇంత ఫీజు కట్టి పంపేది నీళ్ళల్లో, మట్టిలో ఆడుకోవడానికా? పక్క బడిలో ఈపాటికి వందవరకు అంకెలు రాయించేశారు" అని. రెండవది భయంతో అనే మాట. "ఇప్పటినుంచే సైన్సు నూరిపోస్తే, రేపు పెద్దవాడై దేవుడు లేడంటాడేమో!" ఈ రెండింటికీ జవాబు చెప్పుకుందాం.

మొదటిది. సర్వేశ్వరుడు మనిషిని ఎలా చేశాడో ఆలోచించండి. మన తెలివికి చేరేదంతా ముందుగా కళ్ళు, చెవులు, చేతుల గుండానే లోపలికి వస్తుందని పునీత తోమాస్ అక్వినాస్ ఏడు వందల ఏళ్ళకు పైగా క్రితమే బోధించాడు. అందుకే తిరుసభ దేవద్రవ్యానుమానాలను నీళ్ళతో, నూనెతో, రొట్టెతో, ద్రాక్షారసంతో ఇస్తుంది. ముట్టుకోనిదే మనకు అర్థం కాదని ఆయనకు తెలుసు. పెద్దవాళ్ళ విషయమే ఇలా ఉంటే పసివాళ్ళ సంగతి చెప్పాలా?

కతోలిక స్త్రీ, వైద్యురాలు అయిన మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు, రోమునగరంలోని సాన్ లోరెంజో అనే పేదపేటలో కూలివాళ్ళ పిల్లలకోసం ఒక బడి తెరిచింది. చేతికి పనిస్తే పిల్లవాడి మనసు కుదురుతుందని అక్కడ ఆమె కనుగొంది. తరువాత స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పిల్లలచేతనే గోధుమ, ద్రాక్ష పెంచించి, పూజలో వాడే రొట్టెకు, రసానికి మూలమేదో వాళ్ళ చేతులతోనే తెలుసుకునేట్టు చేసింది. 1939లో ఆమె మద్రాసు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు కూడా శిక్షణ ఇచ్చింది. మన ప్రభుత్వం 2020లో ప్రకటించిన జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటపాటలతో, చేతిపనులతో చదువు చెప్పాలంటోంది. కనుక సిస్టర్లు పిల్లల కాలాన్ని వృథా చేయడంలేదు. మూడేళ్ళ వేళ్ళకు పెన్సిలు ఇచ్చి వంద అంకెలు రాయించడంలో తొందరే ఎక్కువ.

ఇక రెండవ మాట, ఆ భయం. సైన్సువల్ల విశ్వాసం పోతుందా? పిల్లలకు మనం చెప్పే అబద్ధాలవల్ల పోతుందని నా నమ్మకం. ఉరుము ఉరిమినప్పుడు "అల్లరి చేశావుగా, అందుకే దేవుడికి కోపం వచ్చింది" అంటాం. గ్రహణం పట్టినప్పుడు "పాము మింగుతోంది" అంటాం. ఆ పూటకు పిల్లవాడు నోరు మూసుకుంటాడు. పదేళ్ళకు బడిలో అసలు కారణం తెలుస్తుంది. అప్పుడు వాడి మనసులో పుట్టే ప్రశ్న ఒక్క పాముతో ఆగదు. "అమ్మ చెప్పిన మిగతావి కూడా ఇలాంటివేనా?" అనుకుంటాడు. ఆ మిగతా వాటిలో క్రీస్తునాథుని పునరుత్థానం కూడా ఉంది! ఆకాశాన్ని, భూమిని గురించి క్రైస్తవుడు తెలియని మాటలు చెప్పి నవ్వులపాలైతే, నిత్యజీవాన్ని గురించి అతడు చెప్పేది ఎవరు నమ్ముతారని పునీత అగుస్తీను ఐదవ శతాబ్దంలోనే హెచ్చరించాడు.

అడగటం, పరీక్షించటం విశ్వాసానికి విరోధమైతే, మఠంలో ఉండే గురువు గ్రెగోర్ మెండెల్ ఆ పని చేసేవాడా? నేటి చెక్ దేశంలోని బర్నో పట్టణంలో, అగుస్తీనుసభ మఠపు తోటలో, 1856 నుండి 1863 వరకు ఆయన సుమారు 28,000 బఠాణీ మొక్కలు పెంచాడు. ఏ మొక్కకు ఏ రంగు పువ్వు పూసిందో, ఏ గింజ నున్నగా ఉందో, ఏది ముడతపడిందో ఓపికగా లెక్కపెట్టాడు. 1866లో దాన్ని అచ్చువేయిస్తే దాని విలువ గుర్తించినవారు దాదాపు లేరు. ఆయన 1884లో కన్నుమూశాడు. 1900లోగాని లోకానికి ఆ పని విలువ తెలియలేదు. తల్లిదండ్రుల గుణాలు పిల్లలకు ఎలా వస్తాయో చెప్పే శాస్త్రానికి పునాది ఆ మఠపు తోటలోనే పడింది. ఆయన చేసిందేమిటి? చూసింది చూసినట్టు రాశాడు. అంతే.

ఈ "చూసింది చూసినట్టు" అనేదే అసలు పాఠం. పెసరగింజల గిన్నెల దగ్గరికి మళ్ళీ వద్దాం. చాలామంది పెద్దలు ముందే ఒక ప్రసంగం సిద్ధం చేసుకుంటారు. "చూశారా పిల్లలూ, వెలుగులో పెట్టింది పెరిగింది, చీకటిలో పెట్టింది పెరగలేదు. క్రీస్తే మన వెలుగు" అని. వినడానికి బాగుంది. కాని వారం తరువాత బీరువా తెరిస్తే ఏం కనబడుతుంది? చీకటిలోని మొలకే పొడుగ్గా ఉంటుంది! కిటికీ దగ్గరిది పొట్టిగా, పచ్చగా, గట్టిగా ఉంటుంది. చీకటిలోది పాలిపోయి, పసుపుపచ్చగా, సన్నగా సాగి ఉంటుంది. "సిస్టర్, ఇదే పెద్దగా పెరిగింది!" అని పిల్లవాడు కేక వేస్తాడు. ఇప్పుడు ఏం చేస్తారు? మీ ప్రసంగాన్ని కాపాడుకోవడానికి వాడి కళ్ళను కాదంటారా?

కాదనకండి. వాడితోపాటు మీరూ చూడండి. ఆ మొలక గింజలో దాచుకున్న తిండిని ఖర్చుపెట్టి వెలుగుకోసం పైపైకి సాగింది. ఆ తిండి అయిపోయేలోగా వెలుగు దొరక్కపోతే వాలిపోతుంది. దొరికితే పచ్చబడుతుంది. మన సొంత ప్రసంగం కంటే దేవుని సృష్టి చెప్పే ప్రసంగం ఎంత లోతుగా ఉందో చూశారా? వెలుగు లేకుండా ఎత్తుకు ఎదిగిన బ్రతుకులు మన మధ్య లేవా? డబ్బు, పదవి, పేరు అన్నీ ఉండి లోపల పాలిపోయినవి? అయితే ఈ పోలిక పిల్లవాడికి అప్పుడే చెప్పనక్కరలేదు. ముందు వాడిని మొలకను మొలకగా చూడనివ్వండి. అది ఎలా పెరిగిందనేది ఒక ప్రశ్న. దాన్ని మనకు ఎవరు, ఎందుకు ఇచ్చారనేది ఇంకొక ప్రశ్న. మొదటిదానికి కళ్ళతో, రెండవదానికి విశ్వాసంతో జవాబు వెతకాలి. ఒకదాని జవాబు తెచ్చి ఇంకొకదానికి అతికించకండి.

మరొక మాట. పిల్లవాడి గిన్నెలో గింజ కుళ్ళిపోతే, పక్కింటి గిన్నెలోని మంచి మొలక తెచ్చి పెట్టి బడికి పంపే తల్లులున్నారు. మెచ్చుకోలుకోసమే చేస్తారు, చెడు ఉద్దేశంతో కాదు. కాని ఆ రోజు బిడ్డ నేర్చుకున్న పాఠమేమిటి? కనబడింది దాచి, కావలసింది చూపించవచ్చని! అబద్ధ సాక్ష్యం పలుకవద్దన్న ఎనిమిదవ ఆజ్ఞను వాడి చేతనే మీరించినట్టు కాలేదా? "నా గింజ మొలవలేదు సిస్టర్, నీళ్ళు ఎక్కువైనట్టున్నాయి" అని చెప్పగలిగిన బిడ్డ రేపు పాపసంకీర్తనంలోనూ నిజం చెబుతాడు, కోర్టులోనూ నిజం చెబుతాడు.

ఇంకా ఒక మేలుంది. పసుపునీళ్ళలో తడిపి ఆరబెట్టిన కాగితంమీద సబ్బునీళ్ళ చుక్క వేస్తే అక్కడ ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మరసం వేస్తే మళ్ళీ పసుపురంగు వస్తుంది. (సున్నం కళ్ళలో పడితే ప్రమాదం, పసిపిల్లలకు సబ్బే చాలు.) దీన్ని తన చేతులతో చేసిన పిల్లవాడు, రేపు ఎవరో కత్తికి మందారపువ్వు పసరు పూసి, నిమ్మకాయ కోసి, "నెత్తురు కారుతోంది, నీకు చేతబడి జరిగింది" అంటే బెదిరిపోడు. "ఏం పూశావు?" అని అడుగుతాడు. ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించి, బిడ్డకు జ్వరం రాగానే ఆసుపత్రికి వెళ్ళకుండా తాయెత్తుకోసం పరుగెత్తేవారు మన సంఘాల్లో లేరనగలమా? భూమినుండి మందులు పుట్టించినవాడు ప్రభువేనని, తెలివైనవాడు వాటిని తృణీకరించడని సీరా జ్ఞానగ్రంథం (38:4) చెబుతోంది. ఆలస్యమైన వైద్యంతో ప్రాణమే పోవచ్చు. ప్రశ్నించడం నేర్చిన పిల్లవాడు రేపు ఆ ఇంటిని కాపాడతాడు.

కనుక తల్లిదండ్రులారా, ఈ వారం ఇంట్లో ఒక పని చేయండి. రాత్రి నానబెట్టిన పెసలు కొన్ని, కాస్త దూది, రెండు గిన్నెలు తీసుకోండి. మీ బిడ్డచేతనే వేయించండి, నీళ్ళు చిలకరించమనండి. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా పక్కనే ఉండండి. ఏమవుతుందో మీరు ముందు చెప్పకండి. "ఏమవుతుందనుకుంటున్నావురా?" అని అడగండి. రోజూ చూసింది బొమ్మ గీయమనండి. వాడు అడిగినదానికి జవాబు తెలియకపోతే "నాకు తెలియదు నాన్నా, ఇద్దరం చూద్దాం పద" అనండి. ఆ మాటవల్ల మీ గౌరవం తగ్గదు. సత్యం ముందు అమ్మా నాన్నా కూడా తలవంచుతారని వాడికి తెలుస్తుంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ గిన్నెలను దగ్గర పెట్టుకుని, ఆ రోజు కనబడినదానికి సృష్టికర్తకు వందనం చెప్పించండి.

మన విశ్వాసం కట్టుకథమీద నిలిచింది కాదు. తాము విన్నదాన్ని, కళ్ళారా చూసినదాన్ని, చేతులతో తాకినదాన్ని అపొస్తలులు మనకు ప్రకటించారని యోహాను తన మొదటి లేఖ ఆరంభంలోనే సాక్ష్యమిస్తున్నాడు. చూసింది చూసినట్టు చెప్పినవారి మాటమీదనే మనం ఈనాటికీ క్రీస్తును నమ్ముతున్నాం. చూసింది చూసినట్టు చెప్పే పిల్లలను పెంచితేనే ఆ సాక్ష్యం రేపటి తరానికి అందుతుంది.

సత్యమే తానైన ప్రభువు మీ ఇళ్ళను, మీ పసివారి చేతులను దీవించుగాక. ఆమెన్.