ఇత్తడి సర్పమును బొమ్మ విమానమును

గడచిన ఈస్టరు పండుగకు మా చెల్లెలి కుమారుడు పట్టణమునుండి వచ్చి పది దినములు మా యింట నుండెను. ఇరువదియారేండ్లవాడు. మంచి ఉద్యోగము. ఆరాధన మానడు, పెద్దల మాట త్రోసివేయడు. వచ్చిన సాయంత్రమే వరండాలోని బల్లమీద పాత వార్తాపత్రికలు పరచి, అట్టపెట్టె విప్పి, సగము కూర్చిన బొమ్మ విమానము నొకదానిని బయటికి తీసెను. చిన్న చిన్న రంగు సీసాలు, సన్నని కుంచెలు, ఉప్పుకాగితములు, గాలితో రంగు చిమ్ము ఎయిర్‌బ్రష్ అను సాధనము, ఇవన్నియు చుట్టును పేర్చుకొనెను. పిల్లల ఆటవస్తువు కాబోలునని నేను మొదట నవ్వుకొంటిని.

"ఏ విమానమురా ఇది?" అని అడిగితిని.

"జపాన్ వాళ్ల యుద్ధవిమానం, మామయ్యా. నకజిమా కంపెనీది. అమెరికా వాళ్లు దీనికి కేట్ అని పేరు పెట్టారు. ఓడ మీద నుంచి లేచి బాంబులు వేసేది" అనెను.

నా నవ్వు అక్కడనే ఆగిపోయెను. ఆ జాతి విమానము మన తీరమునకు క్రొత్తది కాదు. 1942 ఏప్రిల్ 5వ తేదీ, ఈస్టరు ఆదివారపు ఉదయమున, జపాను విమానములు కొలంబో పట్టణముమీద పడెను. మరునాడు, సోమవారమున, రియూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు మన విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. ఆ నౌక మోసిన బాంబు విమానములు ఈ కేట్ జాతివే. ఆ వారములో బంగాళాఖాతమందు ఇరువదికి పైగా వర్తక నౌకలు మునిగెను. నాడు పేలక మిగిలిన బాంబు నొకదానిని విశాఖ మ్యూజియములో ఉంచియున్నారు. మన పల్లెలలో ముందటి దినముననే పునరుత్థానపు పండుగ చేసికొని, ఇంకను క్రొత్తబట్టలు విప్పని పిల్లలు ఎందరో ఉండియుందురు. మా అమ్మ వారిలో ఒకతె. అప్పటికామె ఏడేండ్ల పిల్ల. కాకినాడకు సమీపమున ఒక పల్లెలో ఉండెడిది. ఇప్పుడు తొంబదేండ్లు దాటి, అదే వరండాలో మంచముమీద పండుకొని యున్నది.

కావున నా మనస్సు కలత చెందెను. మనుష్యులను చంపుటకు చేసిన వస్తువుయొక్క ప్రతిరూపముమీద ఇంత ఓపికయు ఇంత నేర్పును వెచ్చించుట విశ్వాసికి తగునా? వెంటనే ఆ మాట అనవలెనని నోటివరకు వచ్చినది. అయితే పని చూడకుండ తీర్పు చెప్పుట న్యాయము కాదని కుర్చీ లాగుకొని కూర్చుంటిని.

ప్రియ చదువరులారా, ఆ పని ఎట్లుండునో కొంచెము చెప్పనిండు. అసలు విమానము రెక్క కొననుండి రెక్క కొనకు పదిహేనున్నర మీటర్లు. బొమ్మ అందులో నలుబది యెనిమిదవ వంతు, అనగా జానెడున్నరకు మించదు. లోపల ముగ్గురు మనుష్యులు ఒకరి వెనుక ఒకరు కూర్చుందురు. వారి ఆసనములు, పట్టీలు, ముందున్న గడియారములవంటి యంత్రములు, వాటి ముండ్లు, అన్నిటికిని అతడు పట్టణములోనే రంగు వేసి, ఆపైన విమానపు రెండు ప్రక్కలను మూసి అంటించెను. టార్చిలైటు వేసి చూపిననే గాని నాకు కనబడలేదు. "మూసివేసిన తరువాత ఇవి ఎవరికి కనబడునురా?" అంటిని. "నాకు తెలుసు కదా, మామయ్యా" అనెను. మన గుడి కిటికీలకు రంగు వేయించినప్పుడు గోడవైపు చెక్కలు అట్లే విడిచిన సంగతి నాకు జ్ఞాపకము వచ్చెను. ఆ పని చేయించినవాడను నేనే.

అతుకులలో లప్పము నింపి, ఆరిన తరువాత నీటితో తడుపుచు ఉప్పుకాగితముతో అరగదీయును. చేతికి నున్నగానే తోచును గాని, బూడిదరంగు అస్తరు పడిన క్షణమున దాగియున్న గీత బయటపడును. మరల లప్పము, మరల అరగదీయుట. పైనున్న పొడవాటి అద్దాల గూటికి ఒక్కొక్క గాజుపలకకు సరిపోవు టేపు ముక్క కత్తిరించి అంటించుటకే ఒక పూట పట్టెను. అన్నిటికంటె వింతయైనది ఆ తరువాతి పని. ముందుగా విమానమంతటికి వెండిరంగు చిమ్మెను. అది ఆరినపిమ్మట స్త్రీలు జుట్టు చెదరకుండ కొట్టుకొను స్ప్రే కొట్టెను. దానిపైని ముదురు పచ్చరంగు. పచ్చరంగు ఆరీ ఆరకమునుపే నీటితో తడిపి, బిరుసు కుంచెతో అక్కడక్కడ రుద్దగా, క్రిందనున్న స్ప్రే కరగి పచ్చరంగు పెచ్చులుగా లేచి, లోపలి వెండి కనబడెను.

"చక్కని రంగును ఎందుకు పాడుచేయుచున్నావురా?" అంటిని.

సముద్రపు ఉప్పుగాలికిని ఎండకును ఆ విమానముల రంగు నిజముగా అట్లే ఊడిపోయెడిదని అతడు చెప్పెను. అల్యూమినియపు రేకుమీద సరియైన అస్తరు లేక వేసిన రంగు నిలువదు. మన జాలరి సహోదరులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. పొగగొట్టముల వెనుక మసి, చక్రముల దగ్గర మట్టి, పైలట్లు ఎక్కునప్పుడు కాలు పెట్టుచోట అరుగుదల, ఇవన్నియు పాత ఛాయాచిత్రములు చూచుచు వేసెను. క్రొత్తగా మెరయు విమానము అబద్ధమట.

ఆరవ దినమున బాంబు చేతికి తీసికొనెను. నా చిటికెనవ్రేలంత యుండెను. అసలుది 800 కిలోలు. 1941 డిసెంబరు 7న, అదియు ఆదివారమే, పెర్ల్ హార్బరులో ఈ జాతి విమానమునుండి జారిన ఇట్టి బాంబు అరిజోనా అను యుద్ధనౌక ముందుభాగమున మందుగుండు కొట్టును పేల్చెను. ఆ ఒక్క నౌకలో చనిపోయినవారు 1177 మంది. ఈ సంగతి నాకు చెప్పినవాడు మా మేనల్లుడే. చెప్పుచునే అతడు ఆ వ్రేలంత బాంబునకు, విమానపు ముక్కుకు చూపిన శ్రద్ధయే చూపి, బూడిదరంగు వేయుచుండెను. నేను ఇక ఊరకుండలేక, "నాయనా, విమానము చేసితివి, బాగున్నది. ఆ బాంబును మాత్రము విడిచిపెట్టు" అంటిని.

అతడు కుంచె క్రింద పెట్టెను. "బాంబు తీసేస్తే ఇది అబద్ధం అయిపోతుంది, మామయ్యా. అందమైన విమానం ఒకటి మిగులుతుంది. అది ఎందుకు పుట్టిందో ఆ సంగతే లేకుండా పోతుంది" అనెను.

నాకు జవాబు దొరకలేదు. రాత్రి నిద్ర పట్టక సంఖ్యాకాండము 21వ అధ్యాయము తెరచితిని. అరణ్యములో సర్పములు జనులను కరచి చంపుచుండగా, మోషే చేసినదేమి? చంపుచున్న దానియొక్క ప్రతిరూపమునే ఇత్తడితో చేయించి స్తంభముమీద నెత్తెను. గొఱ్ఱెపిల్లను గాని పావురమును గాని చేయలేదు. కోరలు లేని సర్పమును చేసియుండునని నేననుకొనను. కరువబడినవాడు దాని తట్టు చూడవలెను. తన్ను కరచినది ఏదియో ఎరిగి చూడవలెను. అయితే రాజుల రెండవ గ్రంథము 18వ అధ్యాయమునకు వచ్చుసరికి ఆ ఇత్తడి సర్పమునకే జనులు ధూపము వేయుచుండిరి; హిజ్కియా దానిని ముక్కలు చేసెను. ఇత్తడి మారలేదు, రూపు మారలేదు. చూచువారి చూపు మారెను. కాబట్టి బొమ్మ చేయుట పాపమా కాదా అను నా ప్రశ్న పొరపాటు ప్రశ్నయని ఆ రాత్రి గ్రహించితిని. దానిని ఏ చూపుతో చూచుచున్నామన్నదే అడుగవలసినది.

ఈ చూపు విషయములో బొమ్మవలన ఒక అపాయము కలదు. ఈ బొమ్మలకు ప్రసిద్ధికెక్కిన పట్టణము జపానులోని షిజుఓకా. 1945 జూన్‌లో అమెరికా బాంబు విమానములు ఆ పట్టణమును కాల్చివేసినవి. యుద్ధానంతరము అక్కడి వడ్రంగపు నేర్పు మెల్లగా ప్లాస్టిక్ బొమ్మలలోనికి మారెను. నేడు అక్కడివారు తమ విమానములనే గాక అమెరికా యుద్ధవిమానములను గూడ అంతే శ్రద్ధతో చేసి అమ్ముచున్నారు. దీనిని క్షమాపణ అందునా, వ్యాపారమందునా, మరపు అందునా, నాకు తోచుటలేదు. మూడును కొంచెము కొంచెము ఉండవచ్చును. అయితే ఎవరి పెట్టె తెరచినను లోపల పైలట్టు ఉండును, బాంబు ఉండును. క్రింద నున్నవారు మాత్రము ఉండరు.

మరునాడు మేనల్లుని పెన్సిలు తీసికొని ఒక లెక్క వేసితిని. పెర్ల్ హార్బరుమీద ఈ విమానములు పెద్ద బాంబులు జారవిడిచిన ఎత్తు సుమారు 3000 మీటర్లు. ఈ బొమ్మ కొలతలో అది 62 మీటర్లు. అనగా ఈ బొమ్మను దాని నిజమైన స్థానములో నిలుపవలెనన్నయెడల, మూడు తాడిచెట్లను ఒకదానిపై నొకటి నిలిపి ఆ కొనకు కట్టవలెను. క్రింద నుండు మనుష్యుడు ఆ కొలతలో మూడున్నర సెంటీమీటర్లు, నా చూపుడువ్రేలిలో సగము. మూడు తాడిచెట్ల మీదనుండి అరవ్రేలంత మనిషి కనబడునా? వాని ముఖము కనబడునా? మనము ఆ విమానమును కంటికి జానెడు దూరమున పెట్టుకొని దాని మేకులు లెక్కపెట్టుచున్నాము. అది చేసిన కార్యమంతయు దూరమువలననే సాధ్యమాయెను. ఆ దూరమును పెట్టెలో పెట్టి ఎవరును అమ్మలేరు.

ఇది మా మేనల్లునికి చెప్పగా వాడు చాలసేపు మాటాడలేదు. తరువాత మధ్య ఆసనములోని బొమ్మను చూపి, "ఇక్కడ కూర్చున్నాయన కథ మీకు తెలుసా?" అనెను. తెలియును. పెర్ల్ హార్బరుమీదను, ఆ ఈస్టరునాడు కొలంబోమీదను దండు నడిపిన మిత్సువో ఫుచిదా ఇట్టి విమానములోనే పోయెను. యుద్ధము ముగిసిన తరువాత టోక్యో రైలుస్టేషనులో ఒకరు అతనికి ఒక కరపత్రము నిచ్చిరి. దానిని వ్రాసినవాడు జేకబ్ డిషేజర్ అను అమెరికా సైనికుడు. కాకినాడమీద బాంబులు పడిన పండ్రెండు దినములకు, 1942 ఏప్రిల్ 18న, అతడు నగోయా పట్టణముమీద బాంబులు వేసి, శత్రువుల చేత చిక్కి, నలుబది నెలలు చెరలో నుండెను. ఆ చెరలో కొన్ని వారములు చేతికి వచ్చిన బైబిలు అతని ద్వేషమును విరిచెను. ఆ కథ చదివి ఫుచిదా తానును బైబిలు కొని చదివెను. సిలువమీద తన్ను చంపుచున్నవారికొరకే ప్రార్థించిన వాని మాటయొద్ద ఆగి, 1950లో క్రైస్తవుడాయెను. వీరిద్దరు ఒకే వేదికమీద నిలిచి సాక్ష్యమిచ్చిరి.

ఫుచిదా కథ మన ప్రసంగములలో తరచు వినుచున్నాము. నాకు మాత్రము డిషేజర్ చేసిన యొక పని ఎక్కువగా తగులును. అతడు మిషనరీయై జపానునకు తిరిగి పోయెను. పోయి, 1959లో నగోయాలోనే కాపురము పెట్టెను. పైనుండి ఒకసారి చూచిన ఊరిలో ఆ మీదట సంవత్సరములకొలది నేలమీద నడచెను. అక్కడి దుకాణములో బియ్యము కొనెను, అక్కడి పిల్లల పేర్లు నేర్చుకొనెను. తాను విడిచిన దూరమును తన కాళ్లతో కొలిచి తగ్గించెను.

తొమ్మిదవ దినమునకు పని ముగిసినది. రెక్కలపైని, క్రిందను, ప్రక్కలను ఎర్రని సూర్యబింబములను నీటిలో నానబెట్టి జార్చి అంటించి, వెలిసిన వార్నిషు చిమ్మి, టేపులు ఊడదీసెను. బాంబు దాని చోటనే యున్నది. నేను మరల కాదనలేదు. నిజముగా చెప్పవలెనన్న, ఆ విమానము అందముగా నుండెను, అది నాకు బాధగానే యుండెను.

అప్పుడు మా అమ్మ మంచముమీదనుండి, "ఏదీ, ఇటు తే నాన్నా, చూస్తాను" అనెను. వాడు భయపడుచు రెండు చేతులతో అందించెను. ఆమెకు చూపు తక్కువ. వ్రేళ్లతో తడుముచు, "ఇంతేనా" అనెను. తరువాత, మేమెవరమును తొమ్మిది దినములు చేయని పని చేసెను. విమానమును వెల్లకిల త్రిప్పి, తలకు పైగా ఎత్తి పట్టుకొని, క్రిందనుండి చూచెను.

"మాకు కనబడింది ఈ పక్కే" అనెను. "ఎర్రటి గుండ్రాలు. మా అమ్మ నన్ను గట్టుకింద కాలవలోకి తోసి మీద పడుకుంది. నా పండగ పరికిణీ అంతా బురదైపోయింది."

మేనల్లుడు ఆమె చేతిలోనుండి విమానమును తీసికొని, అట్లే తలక్రిందుగా పట్టుకొని దీపము దగ్గరకు పోయెను. క్రింది ప్రక్క ఎవరును చూడరని బూడిదరంగు ఒక్క పూతతో విడిచిపెట్టియుండెను. అతుకుగీత ఒకటి తోకవరకు కనబడుచునే యున్నది. వాడు మాటాడక లప్పము డబ్బీ మూత తీసి, "అమ్మమ్మా, ఆ గుండ్రాలు ఎంత ఎర్రగా ఉన్నాయి? ఇలాగే ఉన్నాయా, ఇంకా ముదురా?" అని అడిగెను.