పాదుకల న్యాసము – మరలివచ్చినవారి ఆదరణము

శ్రీమద్రామాయణమున శ్రీరామచంద్రుని వనగమనమును విని కన్నీరు పెట్టనివారు లేరు. కాని ఆ ప్రభువు మరలివచ్చిన ఘట్టమునందలి ధర్మమును తరచి చూచువారు కొలదిమందియే. దూరమేగినవానిని తలచుకొనుట ప్రేమ. మరలివచ్చినవానికి వాని చోటును వానికి అప్పగించుట ధర్మము. ఈ రెండవది మొదటిదానికంటె కష్టతరమైనది.

పదునాలుగేండ్లు నిండిన పిదప శ్రీరాముడు నేరుగా అయోధ్యకు పోలేదు. భరద్వాజాశ్రమమున నిలిచి, ముందుగా హనుమంతుని భరతునికడకు పంపెను. తన రాకను విన్నంతనే భరతుని ముఖమున ఏ భావము తోచునో కనిపెట్టి రమ్మనెను. తాతతండ్రులనాటి సిరి ఎవని మనస్సునైనను మార్పవచ్చునని ప్రభువే పలికెను. సాక్షాత్తు శ్రీరామునికే ఇల్లు చేరు తరుణమున ఈ సందేహము కలిగినదన్న సామాన్య మానవుని మాట చెప్పనేల?

ఈ సందేహమే నేడు రాజంపేట సీమలో అనేక కుటుంబముల సందేహము. తాళ్ళపాక అన్నమాచార్యులు అవతరించిన నేల ఇది. ఒకవంక ఒంటిమిట్ట కోదండరాముడు, మరియొకవంక నందలూరు సౌమ్యనాథుడు కొలువైన నేల ఇది. వాన నమ్మరాని ఈ సీమనుండి కొన్ని దశాబ్దములుగా స్త్రీపురుషులు కువైట్‌కును, ఇతర గల్ఫు దేశములకును బ్రతుకుతెరువుకై పోవుచున్నారు. పురుషులు డ్రైవర్లుగను, వంటవారుగను, కూలీలుగను కుదురుదురు. స్త్రీలు పరుల ఇండ్లలో పనికి కుదిరి, పరుల బిడ్డలను పెంచుచు, తమ బిడ్డలను అవ్వతాతల ఒడిలో విడిచి యుందురు. వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏజెంటు చేతిలో పోసి పోయినవారు ఎందరో! అచ్చట కఫీలు దయ తప్పి, అకామా గడువు తీరి, చట్టమునకు వెలియై తిరుగువారిని మనవారు ‘కల్లివెల్లి’ అని పిలుచుకొందురు.

అట్టివారికి తిరుగుప్రయాణము తరచుగా కోరి వచ్చునది కాదు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైట్‌ను ఆక్రమింపగా, సుమారు 1,70,000 మంది భారతీయులు జోర్డాను రాజధాని అమ్మానునుండి విమానములలో స్వదేశము చేర్చబడిరి. 2018, 2020, 2024 సంవత్సరములలో కువైట్ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినప్పుడు పత్రములు లేనివారు పలువురు ఇల్లు చేరిరి. 2020లో కోవిడు మహమ్మారి మరెందరినో మరలించినది. మరలివచ్చిన ఊరైనను ఎప్పుడును కుదుటగా నుండదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట మొదలగు పల్లెలలో ఇండ్లును ప్రాణములును కొట్టుకొనిపోయినవి.

ఇట్లు ఇల్లు చేరినవానికి గడపలో ఎదురగు మొదటి ప్రశ్న ఏది? “ఏమి తెచ్చితివి?” అనునదియే. పెట్టెలు నింపుకొని వచ్చినవానికి బంధువులు నలుదిక్కులనుండి వత్తురు. వట్టిచేతులతో వచ్చినవాడు పగటివేళ వీధిలోనికి రా వెరచును. పరదేశమున ఒంటరిగా శ్రమించి వచ్చిన ఇల్లాలిని గూర్చి నాలుకలు ఊరకుండవు. ఆమె పంపిన సొమ్ముతో కట్టిన మిద్దె నీడన కూర్చుండియే ఆమెను నిందించువారును కలరు. కన్నబిడ్డ తల్లిని చూచి అవ్వ కొంగుచాటున దాగికొనును. ఎడారిలో ఏండ్లకొలది పడిన కష్టముకంటె ఈ ఒక్క క్షణము ఆమెకు భారమగును.

ఇచ్చట భరతుని నడవడిని స్మరింపవలయును. ఆ మహాత్ముడు అన్నగారి పాదుకలను సింహాసనముపై నుంచి, తాను నందిగ్రామమున నారచీరలతో నుండి రాజ్యమేలెను. ప్రభువు రాగానే ఆ పాదుకలను స్వహస్తములతో ఆయన పాదములకు తొడిగెను. “నీవు న్యాసముగా నుంచిన రాజ్యమును తిరిగి అప్పగించుచున్నాను. కోశమును, ధాన్యాగారమును, సేనను చూచుకొనుము. నీ తేజముచే అన్నియు పదింతలైనవి” అను భావముతో విన్నవించెను. అన్న అడుగకమునుపే తమ్ముడు లెక్క చెప్పెను. అడుగకమునుపే చెప్పుటలోనే వాత్సల్యమున్నది. అడిగిన పిదప చెప్పునది సంజాయిషీ మాత్రమే.

పరదేశమునుండి వచ్చు ప్రతి రూపాయియు ఇంటివారి చేతిలోని పాదుకయే. అది వారి సొత్తు కాదు, న్యాసము. అప్పుకు ఎంత తీర్చితిమి, చదువుకు ఎంత పెట్టితిమి, బ్యాంకులో ఎంత నిలిపితిమి అను లెక్కను వ్రాసి యుంచవలయును. వచ్చినవాని శ్రమతో కొన్న నేల అన్నదమ్ముల పేర వ్రాయించుకొని, వాడు వచ్చిన పిదప మాట మార్చుట పాదుకలపై తానే కూర్చుండుట వంటిది.

ఊరివారికిని ధర్మము కలదు. వచ్చినవానిని ముందు భోజనమునకు పిలువవలయును, పిదప కుశలమడుగవలయును. అప్పిచ్చినవాడు వాకిట నిలిచి అరవక, పెద్దల సమక్షమున వాయిదాలకు ఒప్పుకొనవలయును. వాహనము నడుప నేర్చినవానికి, వంట నేర్చినవానికి, కట్టడపు పని నేర్చినవానికి ఆ పనియే చూపవలయును. ఈ సీమ మామిడితోటలకును, అరటితోటలకును పెట్టినది పేరు. బిందుసేద్యము నేర్చుకొన గోరువానికి ఎరిగిన రైతు చేయూత నీయవలయును. మరలివచ్చిన స్త్రీలను పొదుపు సంఘములు మరల తమలో చేర్చుకొనవలయును. మరల పోదలచినవారికి 1983 నాటి వలసల చట్టము ననుసరించి నమోదైన ఏజెంటుద్వారానే పొమ్మనియు, ప్రవాసీ భారతీయ బీమా పత్రమును తీసికొమ్మనియు చెప్పుటయు సేవయే.

ఇందు కులమతభేదములు పనికిరావు. గల్ఫునకు పోవువారిలో హిందువులు, ముస్లిములు కలసియే యున్నారు. ఉగాదినాడు ముస్లిము సోదరులు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శించు సంప్రదాయము గల సీమ ఇది.

బాహుదా, పింఛా నదులు కలసి చెయ్యేరగుచున్నవి. బాహుద పేరు వినగానే మహాభారత శాంతిపర్వమున గల శంఖలిఖితుల కథ స్ఫురించును. అన్న ఆశ్రమమున అడుగక ఫలములు భక్షించిన లిఖితుడు, అన్న ఆదేశమున రాజునొద్దకు పోయి తప్పొప్పుకొని, శిక్షగా రెండు చేతులును కోల్పోయెను. అట్లు తిరిగివచ్చిన తమ్ముని చూచి శంఖుడు మరల దూషింపలేదు. తనకు కోపము లేదని పలికి, బాహుదలో స్నానమాడి దేవతలకు, పితరులకు తర్పణము విడువుమనెను. నీట మునిగి తర్పణమునకు ఉద్యమింపగానే లిఖితునకు పద్మములవంటి చేతులు మరల కలిగెను.

తప్పు చేసి వచ్చిన తమ్మునికే అన్న నదిని చూపినాడు. మరి ఏ తప్పును చేయక, తనవారికై శ్రమించి, చేతులు అరగదీసికొని వచ్చినవానికి మనము చూపదగినది ఏది? వాడు ఊరి దారిలో అడుగిడినప్పుడు వాని చేతిలోని పెట్టెవంక చూడక, వాని ముఖమువంక చూడుదము. భరతుని ముఖమున హనుమంతుడు చూచిన సంతోషమే మన ముఖమున వానికి కనబడవలయును. అది కనబడిన ఇంట కోదండరాముడు అడుగకయే కొలువుండును.

స్వస్తి.