నీళ్ళ పక్కన గది

పెళ్ళి చేసుకుని కారులో హనీమూన్‌కి బయల్దేరిన జంట దారిలో ఒక రాత్రి ఎక్కడ ఆగాలి? చూడ్డానికి ఇది మ్యాపు ముందేసుకుని పది నిమిషాల్లో తేల్చేసే వ్యవహారం. నాకు మాత్రం ఇందులో రెండు చిక్కులు కనిపించాయి. ఒకటి అందం గురించి, రెండోది పక్క సీట్లో కూర్చున్న మనిషి గురించి.

మా టీమ్‌లో ఒక కుర్రాడికి మే నెలలో పెళ్ళి. హైదరాబాద్ నుంచి కూర్గ్ దాకా తనే డ్రైవ్ చేసుకుంటూ పోవాలని కోరిక. అప్పగింతలూ అవీ అయ్యి బయటపడేసరికి సాయంత్రం అవుతుంది, బెంగళూరు దాకా ఒక్క దెబ్బన పోలేరు. 44వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల దాటాక, కర్నూలు చేరేలోపు ఎక్కడైనా ఒక రాత్రి ఆగాలి. "అన్నా, మీది వనపర్తే కదా! మీ దిక్కు ఏదన్నా రొమాంటిక్ ప్లేస్ ఉంటే చెప్పండన్నా" అన్నాడు. ఆ మాటనీ వనపర్తినీ కలిపి నేనెప్పుడూ ఆలోచించలేదు. సొంతూరు ఎవరికీ రొమాంటిక్‌గా ఉండదు. "ఫలానాయన కొడుకువు కాదూ?" అని అడిగేవాళ్ళు లేనిచోటే ఆ మాటకి అర్థం మొదలవుతుంది.

పెళ్ళయ్యాక ఇల్లు దాటి రాత్రి ఆగడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. మూడు నిద్రలు అమ్మాయి వాళ్ళింట్లో, ఆ తర్వాత మొక్కు చెల్లించడానికి మన్యంకొండో, యాదగిరిగుట్టో, శ్రీశైలమో. శ్రీశైలంలో ఆగితే సత్రం. ఏ కులానికి ఆ కులం సత్రం ఉన్న ఊరది, గది అడిగే ముందు నువ్వెవరో చెప్పాలి. ఇప్పుడు హోటల్ కౌంటర్ దగ్గర రెండు ఆధార్ కార్డులు పెడతాం. ఇంటిపేర్లు కలవకపోతే కొన్నిచోట్ల పైనుంచి కిందదాకా ఒక చూపు కూడా ఉంటుంది. నిన్న మొన్న పెళ్ళైన పిల్ల కార్డులో పుట్టింటి పేరు కాక ఇంకేం ఉంటుంది? ఇవన్నీ తప్పించుకుని ఇద్దరమే ఉండాలనుకోవడం చిన్న కోరికేం కాదు. పదిమంది ఉన్న ఇంట్లో, పలచని గోడల మధ్య కాపురం మొదలుపెట్టిన మా అమ్మానాన్నలకి అది దొరకలేదు. సినిమాలు చూసి చెడిపోయారనే పెద్దలతో ఈ విషయంలో నేను కలవను.

కుర్రాడు ముందే కొంత వెతికి పెట్టుకున్నాడు. వనపర్తి రాజావారి ప్యాలెస్ ఫోటో చూపించి "ఇందులో రూములిస్తారా?" అన్నాడు. అది పాలిటెక్నిక్ కాలేజీ అంటే నమ్మలేదు. గద్వాల కోట కూడా అంతే, లోపల డిగ్రీ కాలేజీ నడుస్తుంది. ఉదయపూర్ సరస్సులో ప్యాలెస్ హోటలైంది, మన ఫలక్‌నుమా 2010లో హోటలైంది. పాలమూరు సంస్థానాల్లో మాత్రం రాజుల ఇళ్ళలోకి డిప్లొమా పిల్లలు వచ్చారు. వనపర్తి చివరి రాజా రామేశ్వరరావు దౌత్యవేత్తగా, ఎంపీగా పనిచేసి, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య బడి పెట్టారు. ఇదంతా చెప్తుంటే కుర్రాడు మొహమాటానికి తలూపి, "అయితే స్టే లేదన్నమాట" అన్నాడు. నిజమే, లేదు. దానికి నాకు రవ్వంత బాధ కూడా లేదు.

ప్యాలెస్ మాట వచ్చినప్పుడల్లా నాకు కాంట్ గుర్తొస్తాడు. 1790లో సౌందర్యం మీద రాసిన పుస్తకం మొదట్లోనే ఆయన సరిగ్గా ఈ ఉదాహరణే తీసుకుంటాడు. ఎదురుగా ఒక ప్యాలెస్ ఉంది, బాగుందా అని ఎవరో అడిగారు. నోరెళ్ళబెట్టి చూడ్డానికి కట్టినవి నాకు నచ్చవు అనొచ్చు. రూసోలాగా, జనం చెమటని గొప్పవాళ్ళు ఇలాంటి వాటి మీద తగలేశారని తిట్టొచ్చు. అవన్నీ ఒప్పుకోదగ్గవే గానీ అడిగిన ప్రశ్న అది కాదంటాడు కాంట్. ఆ వస్తువు ఉన్నా లేకపోయినా నాకేం పట్టదన్నట్టు నిలబడి, ఊరికే చూసినప్పుడు ఆనందం కలిగిందా లేదా, అంతే. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఈ రకం విడదీత నాకు వెంటనే నచ్చింది. ఒక్కో వేరియబుల్ పక్కన పెట్టి పరీక్షించడం లాంటిది.

ఐతే రాత్రి ఆగడానికి ఈ లెక్క పనికిరాదు. ఆగేవాడు ఊరికే చూసేవాడు కాదు. అక్కడ తింటాడు, స్నానం చేస్తాడు, నిద్రపోతాడు, డబ్బు కడతాడు, ఇరవయ్యేళ్ళ తర్వాత "మనం మొదటిసారి ఆగిన చోటు" అని చెప్పుకుంటాడు. ఆ చోటు ఉందా లేదా అన్నది అతనికి పట్టాల్సిందే. ఒక చోటుని మన కథలోకి తీసుకుంటున్నప్పుడు అక్కడ అంతకు ముందు ఎవరి కథ ఉందో అడక్కుండా ఉండొచ్చా? నా మొదటి చిక్కు ఇదే. ప్యాలెస్ విషయంలో అది తేలిగ్గానే తప్పిపోయింది. సోమశిల దగ్గర తప్పలేదు.

కొల్లాపూర్ దాటాక కృష్ణ ఒడ్డున ఉంటుంది సోమశిల. ఒకవైపు నల్లమల కొండలు, మధ్యలో చిన్న చిన్న దీవులు, ఎదురొడ్డున సిద్ధేశ్వరం. టూరిజం వాళ్ళ కాటేజీలున్నాయి, లలితా సోమేశ్వరాలయం ఉంది, ఒడ్డున అప్పటికప్పుడు వేయించి పెట్టే చేపలున్నాయి. నిజంగా చాలా అందమైన చోటు. పేపర్లలో, వీడియోల్లో దీన్ని "మినీ మాల్దీవులు" అంటుంటారు. మా జిల్లాల్లో రొమాంటిక్ అనదగ్గ రాత్రి ఒకటి ఉంటే అది ఇక్కడే.

ఆ నీళ్ళు శ్రీశైలం ప్రాజెక్టు వెనక నిలిచిన నీళ్ళు. నెహ్రూ 1963లో శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట కింద ఇటు మహబూబ్‌నగర్, అటు కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో ఖాళీ చేయించడానికి ఇళ్ళు కూల్చారు. గుళ్ళ సంగతి వేరు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు, ఇవాళ వెళ్ళినా చూడొచ్చు. చాళుక్యుల శిల్పాన్ని అంత జాగ్రత్తగా మోసుకొచ్చినందుకు సంతోషమే. పక్కన మనుషులున్న ఇళ్ళకి అందులో పదో వంతు జాగ్రత్త కూడా దక్కలేదన్నది మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిన సంగతి.

మా అమ్మమ్మ పుట్టిన ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. అందుకే మొదట కుర్రాడికి సోమశిల పేరు చెప్పబుద్ధి కాలేదు. పడవలో సెల్ఫీ దిగే జంటని తలుచుకుంటే లోపల ఏదో గుచ్చుకున్నట్టయింది. కానీ అమ్మమ్మ లెక్క వేరుగా ఉండేది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ సోమశిల పోదామంటే ముందుగా చీర మార్చుకునేది. చేప తినేది, పడవెక్కేది, కొత్త జంటలు కనిపిస్తే ముసిముసిగా నవ్వేది. "నీళ్ళేం జేసినయ్ రా, నీళ్ళ మీద కోపమెందుకు?" అనేది. ఆవిడకి కోపమొచ్చింది నేను చూసినంతలో ఒక్కసారే. పడవ నడిపే కుర్రాడు ఎవరో టూరిస్టులకి చెప్తున్నాడు, "అంతకుముందు ఇక్కడ ఏం లేకుండె సార్, ఒట్టి అడవి" అని. అమ్మమ్మ పడవలోనే లేచి నిలబడింది. "ఏం లేకపోవుడేంది? మా ఇల్లుండె. బర్రెలుండె. ఇంటెన్క చింతచెట్టుండె" అని చెయ్యి చాపి చూపించింది. వాళ్ళు ఆ చెయ్యి చూపించిన వైపు చూశారు. అక్కడ నీళ్ళే ఉన్నాయి.

అప్పట్నించి నాకు అర్థమైనంతలో, ఒకరు నష్టపోయిన చోట ఇంకొకరు సంతోషంగా ఉండటం తప్పు కాదు. ఆ లెక్కన మనం కాలు పెట్టగలిగే నేల ఎక్కడా మిగలదు. వాళ్ళు వెళ్ళబోయే కూర్గ్ కాఫీ తోటలూ ఒకప్పుడు అడవే కదా. తప్పు, అక్కడ ఏమీ లేదనుకోవడంలో ఉంది. "మినీ మాల్దీవులు" అనే పేరు నాకు అందుకే నచ్చదు. ఉన్న పేర్లు తుడిచేసి ఎక్కడిదో పేరు తెచ్చి అతికించడం అది. ఊళ్ళు మునిగింది ఒకసారి, ఆ పేరుతో ఇంకోసారి.

ఇంత ఆలోచించి సోమశిల చెప్పొచ్చని తేల్చుకున్నాక ఇంట్లో మా ఆవిడతో అన్నాను. అంతా విని, "ఆ పిల్లనడిగిండా?" అంది.

అడగలేదు. సర్‌ప్రైజ్ అట. పెద్దలు కుదిర్చిన సంబంధం, ఆరు నెలలు ఫోన్లో మాట్లాడుకున్నారు. "అన్నీ అడిగి చేస్తే అది హనీమూన్ కాదన్నా, రిక్వైర్‌మెంట్స్ మీటింగ్" అన్నాడు. బాగానే నవ్వించాడు, కానీ నేను ఒప్పుకోలేకపోయాను. నచ్చని చీర బహుమతిగా వస్తే బీరువాలో పెట్టేయొచ్చు. నచ్చని చోట రాత్రి చిక్కుకుంటే ఎక్కడ పెట్టాలి? కారు అతనిది, దారి అతనికి తెలుసు, బుకింగ్ అతని ఫోన్లో ఉంది. ఆ పిల్ల ఆ రోజే పుట్టిల్లు వదిలింది. నది ఒడ్డున చీకటి, చుట్టూ ఎవరూ లేకపోవడం ఇతనికి స్వేచ్ఛ. ఆమెకి అదే భయం కావచ్చు. కాకపోనూ వచ్చు. ఆ సంగతి ఇతనికి తెలియదు, నేను చెప్పేది అంతే.

తెలుగులో ఏకాంతం అనే మాటని ఒంటరిగా ఉండటానికీ వాడతాం, ఇద్దరు కలిసి ఉండటానికీ వాడతాం. ఇది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఒకరు ఊహించుకున్న ఏకాంతంలోకి రెండోవాళ్ళని తీసుకెళ్తే అది ఇద్దరి ఏకాంతం అవుతుందా, లేక ఒకరి ఏకాంతంలో ఇంకొకరు కూర్చున్నట్టా? సర్‌ప్రైజ్‌ని నేను కొట్టిపారేయను. పదేళ్ళు కలిసి బతికినవాళ్ళు ఒకరినొకరు ఆశ్చర్యపెట్టుకోవచ్చు. ఎదుటి మనిషికి ఏది నచ్చుతుందో, ఏది సయించదో అప్పటికి బాగా తెలిసి ఉంటుంది కాబట్టి. అది తెలియకుండా చేస్తే ఇంకొకరి డబ్బుతో ఆడిన జూదం.

వారం తర్వాత కుర్రాడు అడిగాడట. ఆమె మొదటి ప్రశ్న, "అక్కణ్ణుంచి మా అమ్మకి ఫోన్ కలుస్తదా?" రెండోది, వేడినీళ్ళు. పెళ్ళి రోజు సాయంత్రం బయల్దేరడమే వద్దంది, మర్నాడు పొద్దున పోదాం, వెలుతురుండగానే చేరాలంది. చోటు మాత్రం నచ్చింది. ఇక కుర్రాడు నా దగ్గరికి వచ్చి, ఫోటోల్లో ఉన్నట్టే ఉంటుందా అన్నాడు. ఉండదని చెప్పాను. అవన్నీ వానలు పడి డ్యామ్ 885 అడుగులు నిండాక, సెప్టెంబరు అక్టోబరుల్లో తీసినవి. మన ముహూర్తాలేమో వైశాఖంలో. మేలో నీళ్ళు చాలా కిందకి పోతాయి, ఒడ్డు నుంచి దూరం నడవాలి, బురద ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. నీళ్ళు బాగా తగ్గిన ఏడాదైతే మొండిగోడలు, గడపలు బయటపడతాయి. ఆ ఊళ్ళవాళ్ళు అప్పుడొచ్చి చూసుకుని పోతారు. పడవ దగ్గర పెద్ద వయసు మనిషెవరైనా కనిపిస్తే, ఏది ఏ ఊరో అడగమన్నాను.