పరాయిజీవి కథలు మాకెందుకు?

ఏం చదువుతారని ఎవరైనా అడిగితే మేం గౌరవంగా వినిపించే పేర్లే చెప్తాం. ఇక్బాల్, ఫైజ్, మంటో, శ్రీశ్రీ. 'ఏలియన్' సినిమాల మీద వచ్చిన నవలలు ఇష్టంగా చదువుతామని చెప్పం. చెప్తే రెండు వైపులా మందలింపే. పెద్దలు ఫజూల్ కితాబులంటారు. అభ్యుదయ మిత్రులు మీ బస్తీలు కాలుతుంటే ఈ అంతరిక్ష భూతాల గోలేమిటంటారు. ఈ సిగ్గు మాదేనా, ఇంకెవరైనా మాకు అంటగట్టారా అన్నది తేల్చుకోవాలి.

రిడ్లీ స్కాట్ 'ఏలియన్' 1979లో వచ్చింది. అదే ఏడాది అలన్ డీన్ ఫాస్టర్ దాన్ని నవల చేశాడు. 1986 నాటి 'ఏలియన్స్', 1992 నాటి 'ఏలియన్ 3' నవలలూ ఆయనవే. 1992లోనే స్టీవ్ పెర్రీ 'ఎర్త్ హైవ్' వచ్చింది. 2014లో టిమ్ లెబ్బన్ 'అవుట్ ఆఫ్ ద షాడోస్'. ఇవన్నీ సినిమా పేరు మీద అమ్ముడుపోయే పుస్తకాలు. సాహిత్య చరిత్రలో వీటికి పీట వేసేవాళ్ళు లేరు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల్లో ఇలాంటివాటి కోసమే మేం గంటలు గంటలు వంగి వెతికాం. తెరమీద క్షణంలో పోయే భయం పుస్తకంలో పేజీల కొద్దీ తిష్ఠ వేస్తుంది. కెప్టెన్ డల్లాస్ ఆ జీవి గూటిలో బతికుండగానే చిక్కుకుని తనను చంపేయమని వేడుకునే ఘట్టాన్ని 1979 సినిమాలో తీసేశారు. అది 2003 దర్శకుని కూర్పులో తెరకెక్కింది. ఫాస్టర్ నవలలో మాత్రం మొదట్నుంచీ ఉంది.

అయితే అసలు చిక్కు ఆ పేరులోనే ఉంది. ఏలియన్ అంటే పరాయివాడు. మన రాజ్యాంగం 22వ అధికరణంలోనూ 'ఎనిమీ ఏలియన్' అన్న మాట ఉంది. ఇక్కడే పుట్టి, ఇక్కడి మట్టిలోనే తాతముత్తాతల్ని పూడ్చుకుని, అయినా పరాయివాళ్ళమనిపించుకుంటున్న మేం పరాయిజీవిని తగలబెట్టే కథ చదివి ఎట్లా ఆనందిస్తాం? పోనీ ఆ జీవి పక్షాన నిలబడదామా? నిలబడితే మేం రాక్షసులమని మేమే వేలిముద్ర వేసినట్టు.

ఈ రెండూ కాక మూడో చోటు ఉంది. నోస్ట్రోమో అనే సరుకు నౌకలో ఏడుగురున్నారు. ఇంజన్ల దగ్గర చెమటోడ్చే పార్కర్, బ్రెట్‌లకు మిగతావాళ్ళకంటే వాటా తక్కువ. మొదట్లోనే దాని మీద పేచీ. ఆ జీవి చేతికి రావాలి, సిబ్బంది పోయినా ఫర్వాలేదని కంపెనీ రహస్యంగా ఆదేశించి ఉంటుంది. పోయినా ఫర్వాలేదనే ఆ లెక్క మాకు కొత్త కాదు. గల్ఫ్‌కు పోయి పెట్టెలో తిరిగొచ్చిన కుర్రాళ్ళ తల్లులకు తెలుసది. మేం చదివేటప్పుడు పార్కర్ పక్కన కూర్చుని చదువుతాం.

మరి రిప్లీ మాటేమిటి? ముఖానికి జీవి కరుచుకున్న తోటివాణ్ణి లోపలికి రానివ్వనంటుంది. ఆమె భయమే నిజమవుతుంది. తలుపులు మూయడమే న్యాయమని కథ నేర్పుతోందా? మేం చాలా రోజులు దీనిమీద వాదించుకున్నాం. రిప్లీ చెప్పిన 24 గంటల నిబంధన అందరికీ ఒకటే. బయట నిలబడ్డవాళ్ళలో ఆమె కెప్టెన్ కూడా ఉన్నాడు. పేరు అడిగి, గడ్డం చూసి, బుర్ఖా చూసి ఆపలేదామె. మాకు ఇల్లు అద్దెకివ్వనివాళ్ళు జాగ్రత్త అనే మాట వాడుకుంటారు. అది రిప్లీ జాగ్రత్త కాదు.

నవల రాసేటప్పుడు ఫాస్టర్‌కు ఆ జీవి రూపం చూపించలేదు. చూడకుండానే రాయాల్సి వచ్చింది. ఆయనకంటే తప్పలేదు. రోజూ ఒకే కొళాయి దగ్గర మమ్మల్ని చూసేవాళ్ళకు మమ్మల్ని చూడకుండా ఊహించుకునే అవసరమేమొచ్చింది?

మా నానీమా చెప్పిన కథల్లో జిన్నులుండేవి. ఖురాన్‌లో 72వ సూరా పేరే జిన్. పొగలేని అగ్నితో పుట్టిన ఆ జీవులు కూడా వాక్యం విని, మంచీచెడూ ఎంచుకుంటాయి. మనిషి కానిదానికి సైతం ఆ అవకాశం ఇచ్చిన ఇళ్ళలో పెరిగాం. ఏలియన్‌కు ఆ ఎంపిక లేదు. అందుకే అది కల్పన. ఎంచుకునే శక్తి ఉన్న మనుషుల్ని అలా చూడటం కల్పన కాదు, నేరం.

2021లో వచ్చిన అలెక్స్ వైట్ 'ఇంటూ కారిబ్డిస్'లో ఇరానియన్ పాత్రలున్నాయి. మా పేర్లలాంటి పేర్లు అంతరిక్షంలో కనబడితే సంబరపడ్డాం. కానీ అందుకోసమే చదివామంటే అబద్ధమే. రాత్రి దీపం ఆర్పడానికి భయం వేయాలని చదివాం.

మా కర్ఫ్యూలు, మా లాకప్పులు, మా ఏడుపులు రాస్తే అచ్చేస్తామంటారు. రాస్తాం, రాస్తూనే ఉంటాం. దానితోపాటు ఏ అక్కరా లేకుండా ఒక చవక పుస్తకం చదివి వణికి నవ్వుకునే హక్కు కూడా మాకుంది. నిజం భయాలతో బతికేవాళ్ళకు అబద్ధపు భయం ఒక సెలవుదినం. ఆ సెలవుకు ఎవరి సంతకమూ అడగం.