కాలికి కట్టిన అనుమానం

అనుమానం ఎంత బరువుంటుందో మాకు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ వెంటనే పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోగొట్టుకున్నది నమాజుకొచ్చినవాళ్లు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయింది మా కుర్రాళ్లని. కేసులు నిలబడలేదు. కోర్టు నిర్దోషులని చెప్పింది చాలక, ప్రభుత్వం వాళ్లకు విడిగా సర్టిఫికెట్లు ఇవ్వాల్సొచ్చింది. కేసు కొట్టేసినా అనుమానం వదలదు. అందుకే అమెరికాలో పిల్లల కాళ్లకు బిగిస్తున్న ఒక యంత్రం గురించి మేం మాట్లాడదలుచుకున్నాం.

నేరారోపణ మీద పట్టుకున్న పిల్లవాణ్ని అక్కడ కొన్నిసార్లు నిర్బంధ గృహానికి బదులు ఇంటికి పంపుతారు. కాని చీలమండకు ఒక జి.పి.ఎస్. పట్టీ బిగిస్తారు. వాడు ఎక్కడున్నదీ అది అధికారులకు చెబుతూనే ఉంటుంది. రోజూ ప్లగ్గు పక్కన కూచుని దానికి చార్జింగు పెట్టుకోవాలి. చార్జింగు అయిపోయినా, బస్సు తప్పి ఇంటికి ఆలస్యంగా చేరినా అది ఉల్లంఘన కిందకి రావొచ్చు. కొత్త నేరమేదీ చేయకుండానే మళ్లీ లోపలికి పోవచ్చు. చికాగో నగరమున్న కుక్ కౌంటీలో పిల్లలకు కట్టిన పట్టీల్లో మైకు, స్పీకరు కూడా ఉన్నాయని 2019లో పత్రికలు బయటపెట్టాయి. కాలిఫోర్నియాలో 2018లో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా చాలా కౌంటీలు ఈ పట్టీ ఖర్చుని తల్లిదండ్రుల దగ్గరే వసూలు చేశాయి. జనాభాలో తమ వాటాకు మించి ఈ పట్టీలు మోస్తున్నది నల్లజాతి పిల్లలు.

ఈ ఆలోచన పుట్టింది ఇందుకు కాదు. 1960లలో హార్వర్డ్‌లో ఇద్దరు కవల సోదరులు ఇలాంటి యంత్రం తయారుచేసింది దారితప్పిన కుర్రాళ్లను ప్రోత్సహించడానికి. రావలసిన చోటికి వేళకు వస్తే బహుమతి ఇవ్వాలనుకున్నారు. 1983లో న్యూమెక్సికోలో ఒక జడ్జి స్పైడర్‌మాన్ బొమ్మల కథ స్ఫూర్తితో కాలిపట్టీని శిక్షలోకి తెచ్చాడు. బహుమతి పోయింది, కాపలా మిగిలింది.

జైలు కంటే నయం కదా అంటారు. జైలుకు పోక తప్పని పిల్లవాడి విషయంలో నయమే. కాని సంకెల చవగ్గా, తేలిగ్గా దొరికేకొద్దీ ఎక్కువ కాళ్లకు పడుతుంది. ఏ షరతూ లేకుండా ఇంటికి పంపదగినవాడికీ కడతారు. అప్పుడు ఇల్లే జైలవుతుంది, కన్నతల్లే వార్డరవుతుంది.

ఇంకో ప్రశ్న మా విశ్వాసంలోంచే రావొచ్చు. అల్లా అన్నీ చూస్తున్నాడని, భుజాల మీద ఫరిష్తాలు కూచుని రాస్తున్నారని నమ్మేవాళ్లకు నిఘా కొత్తా అని. కొత్తే. పిల్లలు బాలిగ్ అయ్యేదాకా వాళ్ల మీద ఆ కలం ఎత్తివేసి ఉంటుందని మా సంప్రదాయం చెబుతుంది. పదహారేళ్లవాడు బాలిగే కదా అనొచ్చు. నిజమే. వాడికి తౌబా ఉంది. పైగా చూసేవాడి పేర్లలో సత్తార్ అనేది ఒకటి. అంటే తప్పుల్ని కప్పిపుచ్చేవాడు. ఈ యంత్రానికి చూడటమే తెలుసు, కప్పడం తెలియదు. మసీదులో చెప్పులు విడిచి, పాయింటు మడిచి, వజూకి కాళ్లు కడుక్కునే పిల్లవాడు ఆ పట్టీని ఎక్కడ దాచుకోవాలి? సఫ్‌లో పక్కన నిలబడ్డవాళ్లు వాడి ముఖం చూస్తారా, కాలు చూస్తారా?

అమ్మ డబ్బులిచ్చి దుకాణానికి పంపితే పిల్లవాడు మిగిలిన చిల్లర తెచ్చిస్తాడు. వెనకాల ఎవరో వస్తున్నారని కాదు, అమ్మ నమ్మిందని. ఒక్కోసారి అందులో ఒక రూపాయి నొక్కేస్తాడు. అమ్మ తిడుతుంది, మర్నాడు మళ్లీ వాణ్నే పంపుతుంది. మేమంతా అలాగే మనుషులమయ్యాం. ఆ రెండోసారి పంపడమే పట్టీ కట్టిన చోట లేకుండా పోతుంది. పట్టీ ఉన్నంతకాలం వాడు బుద్ధిగా ఉండొచ్చు. అది భయం. పట్టీ తీసేశాక వాడి దగ్గర ఏం మిగులుతుంది?

మన దేశంలోనూ పట్టీ వచ్చింది. 2023 నవంబరులో జమ్మూ కాశ్మీర్ పోలీసులు బెయిలు మీద విడుదలైన ఒక నిందితుడి కాలికి దాన్ని కట్టారు. బెయిలు మీద ఉన్న మనిషి కదలికల్ని పోలీసులు నిరంతరం గమనించేలా షరతు పెట్టడం వ్యక్తిగత గోప్యతకు భంగమని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ పెద్దవాళ్ల సంగతులు. పిల్లల కోసం 2015 నాటి బాల నేరస్తుల న్యాయచట్టం ఉంది. అది పిల్లవాణ్ని ముందు నిర్దోషిగానే చూడమంటుంది, పేరు బయటపెట్టొద్దంటుంది, బతుకును కొత్తగా మొదలుపెట్టనివ్వమంటుంది. పేరు దాచి, కాలికి పట్టీ కట్టి వీధిలోకి పంపితే ఏం దాచినట్టు?

ఆ పట్టీ రేపు ఇక్కడి పిల్లలదాకా వస్తే మొదట ఎవరి కాళ్లు వెతుక్కుంటుందో మాకు తెలుసు. మా పిల్లలవి, దళితుల పిల్లలవి, ఆదివాసుల పిల్లలవి. మా పిల్లలు తప్పు చేయరని మేం అనడం లేదు. చేస్తే అడగండి, మందలించండి, దిద్దండి. కాని దిద్దుకోవడానికి చోటివ్వండి. ఎవరి పిల్లలైనా సరే, వాళ్లమీద అనుమానాన్ని ఇరవైనాలుగు గంటలూ కట్టి ఉంచొద్దు.