చెప్పడమా, అడగడమా?

ఒకరికి మంచి చెప్పడం ఎప్పుడూ మంచిదేనా? ఇదేం ప్రశ్న అని మీరు నవ్వొచ్చు. నేనూ అట్లానే అనుకునేదాన్ని. మా తాతను చూశాక నాకు అనుమానం వచ్చింది.

మా రాజపాళయం నూలు మిల్లుల ఊరు. తాత చాలా ఏండ్లు ఒక మిల్లులో దూది దుమ్ము మధ్య పనిచేశారు. బీడీలు కూడా తాగేవారు. ఇప్పుడు ఆయనకు సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈ జబ్బు పూర్తిగా నయం కాదు. కానీ పొగ మానితే అది ముదరడం నెమ్మదిస్తుంది. మందు సరిగ్గా పీల్చి, రోజూ కొంచెం నడిస్తే ఆయాసం తగ్గుతుంది.

ఇదంతా ఇంట్లో అందరమూ ఆయనకు చెప్పినాము. అవ్వ అరిచి చెప్పింది, నాన్న కోపంగా చెప్పినాడు. తాత "సరే సరే" అని పెరట్లోకి పోయి బీడీ ముట్టించేవారు.

ఒకరోజు ఒక నర్సమ్మ వచ్చింది. ఆమె ఏమీ చెప్పలేదు. "మందు ఎట్లా పీలుస్తారో చూపించండయ్యా" అని అడిగింది. తాత చూపించారు. మందు నొక్కినాక ఊపిరి బిగబట్టడం లేదు, వెంటనే వదిలేస్తున్నారు. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలట! ఇన్నాళ్ళూ "మందు పీల్చు" అన్న మేము ఒక్కసారీ చూడలేదు. తర్వాత ఆమె "మీకు మళ్ళీ ఏం చేయాలని ఆశ?" అని అడిగింది. "వీధి చివర టీ కొట్టుదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడవాల" అన్నారు తాత. అప్పుడు ఆమె ముక్కుతో గాలి పీల్చి, ఈల వేసేటట్టు పెదవులు బిగించి మెల్లగా వదలడం నేర్పింది. రోజుకు రెండిళ్ళు దాటి నడవమంది.

1700లో ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాశారు. రోగిని "నువ్వేం పని చేస్తావు?" అని కూడా అడగాలని అందులో చెప్పారు. ఎందుకంటే జబ్బు అంతా రోగి తప్పు కాదు. బీడీ తాత తాగిందే. దుమ్ము మాత్రం ఆయన కోరుకున్నది కాదు, కూలి కోసం పీల్చింది. "నువ్వు మారు" అని రోగికి మాత్రమే చెప్పి, దుమ్ము ఆపాల్సినవాళ్ళను ఏమీ అడగకపోతే అది న్యాయమా?

అయితే అడగడమంటే ఆయన ఇష్టానికి వదిలేయడమా? కాదు. బీడీ పొగ మా చిన్న తమ్ముడి ఊపిరిలోకీ పోతుంది. అందుకే ఇంట్లో బీడీ వద్దని గట్టిగా చెప్పినాము. ఇంకొకరికి హాని జరిగేచోట చెప్పాలి. తన బతుకు తాను దిద్దుకునేచోట అడగాలి. ఇదే నాకు అర్థమైన తేడా.

తాత బీడీ పూర్తిగా మానలేదు, తగ్గించారు. పోయిన వారం టీ కొట్టుదాకా నడిచారు, దారిలో మూడుసార్లు నిలబడి. నేను వెనకే పోయినాను. "రా అమ్మా, టీ తాగుదువు" అన్నారు. ఆరోజు నేను ఏ సలహా చెప్పలేదు.